క్యాంపులో పాడిన పాట ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకు కదిలిస్తుంది?

మీరు అడిగింది ఇది. పదిహేనేళ్ల వయసులో ఒక పెద్ద సమ్మర్ క్యాంపులో మూడు వారాలు ఉన్నారు. ఐదారు వందల మంది పిల్లలు, రోజూ సాయంత్రం పాటలు, ముగ్గురు ప్రాణస్నేహితులు. తర్వాత ఓ ఏడాది ఉత్తరాలు నడిచి ఆగిపోయాయి. ఇప్పుడు నలభై దాటాక ఎక్కడో ఆ పాట వినిపిస్తే అడుగు కదలక నిలబడిపోయారు. మూడు వారాల స్నేహానికి ఇంత బరువు ఉంటుందా, లేక అదంతా ఆ వయసు మాయా అన్నది మీ సందేహం. వాళ్లను వెతికి పలకరించాలా వద్దా అన్నది రెండోది. మీ అమ్మాయికి పధ్నాలుగేళ్లు, ఈ వేసవిలో అలాంటి క్యాంపుకే వెళ్తోంది, పాటలు ఇష్టమే కానీ కొత్తవాళ్లతో తొందరగా కలవదు, అదో టెన్షన్.

నేనూ పదిహేనో ఏట అలాంటి క్యాంపుకు వెళ్లినవాణ్ణే. పెద్దయ్యాక ఇరవై రెండు వేసవులు క్యాంపుల్లో పిల్లల చేత పాటలు పాడించాను. నాకు జరిగింది, అక్కడ చూసింది కలిపి చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ముందు ఒక్క మాట: మీది భ్రమ కాదండీ. ఆ స్నేహం అచ్చంగా నిజం.

మూడు వారాలు అంటున్నారు. క్యాలెండర్ చూస్తే అంతే. కానీ స్నేహాన్ని గంటల్లో లెక్కపెట్టాలి. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2018లో దీని మీదే ఒక అధ్యయనం వెలువరించారు. కొత్తగా పరిచయమైన ఇద్దరు మామూలు స్నేహితులు కావడానికి కలిసి గడిపే సమయం సుమారు 50 గంటలు కావాలని, 'వీడు నా ఫ్రెండ్' అని ధైర్యంగా చెప్పుకోవడానికి సుమారు 90, బాగా దగ్గరి స్నేహానికి 200 గంటల పైనే పడుతుందని ఆయన అంచనా. పని కోసం తప్పక పక్కపక్కన ఉన్న గంటల కన్నా, ఊరికే కలిసి కాలం గడిపిన గంటలకే బలం ఎక్కువట. ఇప్పుడు క్యాంపు లెక్క వేయండి. పొద్దున్న ఆరున్నరకు లేస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా, రోజుకు పదిహేను గంటలు. అదే డార్మిటరీ, అదే భోజనాల బల్ల, అదే రిహార్సల్. 21 రోజులకు 315 గంటలు. బడిలో పక్క బెంచీవాడితో మనసు విప్పి మాట్లాడేది రోజుకు గంట కూడా ఉండదు. బడిలో ఏడాది పట్టేది మీకు మూడు వారాల్లో దొరికింది.

ఇంకోటి ఉంది. ఇంట్లో, బడిలో మనకు అప్పటికే ఒక ముద్ర పడిపోయి ఉంటుంది. వీడు మొహమాటస్తుడు, ఆ పిల్ల లెక్కల్లో వీకు, వీళ్లన్న బాగా ఆడతాడు కానీ వీడికి ఏమీ రాదు. క్యాంపులో మొదటి రోజు ఇవేవీ ఎవరికీ తెలియవు. నేను బడిలో నోరు విప్పని పిల్లవాణ్ణి. క్యాంపుకు వెళ్లిన రెండో రోజు అందరి గొంతులూ విని, నన్ను కింది గొంతుల వరసలో నిలబెట్టారు. నా పక్కన ఒక సన్నటి అబ్బాయి. వాడికి గొంతు మారుతోంది. పైకి పోతే చీలిపోయేది, కిందికి దిగితే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. మధ్యలో నాలుగైదు స్వరాలు మాత్రం తేనెలా పలికేవి. ఏ పాటకైనా ఆ నాలుగైదు స్వరాల్లోనే సెకండ్ వాయిస్, అంటే అసలు వరసకు తోడుగా పాడే రెండో వరస, కట్టుకునేవాడు, అది వాడి తెలివి.

ఇబ్బందల్లా తాళంతోనే. ఎక్కడ అందుకోవాలో వాడికి తెలిసేది కాదు. మూడో రోజో నాలుగో రోజో నేను వాడి భుజం మీద చూపుడు వేలితో లెక్క వేయడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగోది కాస్త గట్టిగా. ఆ నాలుగో దెబ్బకు ఊపిరి తీసుకుని, తర్వాతి ఒకటికి సరిగ్గా అందుకునేవాడు. మిగతా రోజులన్నీ పాట మొదలైతే చాలు, నా వేలు వాడి భుజం మీదే. నాకు గుర్తున్నంతలో మేం అప్పటికి ఇంకా సరిగా మాట్లాడుకోనే లేదు. స్నేహం అలా మొదలైపోయింది, మాటలు తర్వాత వచ్చాయి.

కలిసి పాడటంలో ఉన్న ఈ గుణం మీద పరిశోధనలు ఉన్నాయి. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పెద్దవాళ్ల కోసం కొత్తగా మొదలైన తరగతులను ఏడు నెలల పాటు గమనించారు. కొన్నిట్లో పాటలు, కొన్నిట్లో చేతిపనులు, కొన్నిట్లో కథలు రాయడం. ఏడు నెలలు తిరిగేసరికి అందరూ ఇంచుమించు ఒకేలా దగ్గరయ్యారు. కానీ మొదటి నెలలోనే చూస్తే పాడినవాళ్లు మిగతావాళ్ల కన్నా చాలా ముందున్నారు. పాట స్నేహాన్ని మరీ పెద్దది చేయకపోవచ్చు కానీ, త్వరగా తెస్తుంది. మూడు వారాలే చేతిలో ఉన్న పిల్లలకు అంతకన్నా ఏం కావాలి?

మీది పెద్ద క్యాంపు కాబట్టి మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి. లండన్‌లో 20 నుంచి 80 మంది ఉండే చిన్న చిన్న గాయకబృందాలు కొన్ని, అప్పుడప్పుడూ అంతా కలిసి ఒకే పెద్ద బృందంగా పాడేవి. 232 మంది కలిసి పాడినప్పుడు వాళ్లను పరీక్షించారు. వాళ్లలో చాలామందికి ఒకరికొకరు పరిచయమే లేదు. అయినా పాడకముందుకీ పాడాకకీ మధ్య పెరిగిన దగ్గరితనం చిన్న బృందాల్లో కన్నా ఆ పెద్ద గుంపులోనే ఎక్కువ. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ అనిపించలేదు. ఏటా మొదటి వారంలో కళ్లారా చూసేవాణ్ణి. పొద్దున భోజనాల దగ్గర పేరు కూడా అడగని పిల్లలు, సాయంత్రం పాటయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఒకరితో ఒకరు చిన్నప్పటి నుంచి తెలిసినట్టు మాట్లాడుకునేవారు.

అయిదు వందల మంది చేత ఒకే పాట పాడించడం తేలిక కాదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మైదానంలో ముందు వరసకూ చివరి వరసకూ 34 మీటర్లు ఉన్నాయంటే, ముందువాళ్ల పాట వెనకవాళ్లకు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాళ్లు విన్నదాన్ని పట్టుకుని పాడితే, అది ముందుకు తిరిగొచ్చేసరికి ఇంకో పదో వంతు. చెవిని నమ్ముకుంటే నాలుగు వరసల్లో పాట ముద్దయిపోతుంది. అందుకే చెవులు మరిచిపోయి నా చెయ్యి చూడండి అని మొదటి రోజే చెప్పేవాణ్ణి. చూపుకు ఆలస్యం లేదు. లేదంటే ఒక ముక్క నేను పాడి, అది పూర్తిగా ఆగాక అందరూ తిరిగి పాడేలా పెట్టుకోవాలి. అప్పుడు ఆలస్యం ఆ ఖాళీలో కలిసిపోతుంది.

ఇదంతా నేర్చుకోకముందే, పదిహేనేళ్లప్పుడు, మా క్యాంపులో పదకొండో రాత్రి హాల్లో కరెంటు పోయింది. మైకు ఆగింది, లైట్లు పోయాయి, పాడిస్తున్నాయన చెయ్యి కూడా కనబడటం లేదు. పాట మధ్యలో ఉన్నాం. క్షణంలో గొంతులు చెదిరిపోయాయి, ఎక్కడివాళ్లక్కడ వేరే వేరే మాటల దగ్గర ఉన్నారు. అప్పుడు వెనక వరసల్లో ఎవరో మడమతో నేలను తట్టడం మొదలుపెట్టారు. మా హాలుది చెక్క నేల. పక్కవాళ్లు అందుకున్నారు, వాళ్ల పక్కవాళ్లు అందుకున్నారు. ఆ తట్టు చెవిలోకి రాకముందే అరికాళ్లలోకి వచ్చింది. చెక్కలో ధ్వని గాలిలో కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. ఆ రాత్రి మాకు తెలిసింది ఒక్కటే: పాట మళ్లీ ఒకటైంది. చీకట్లో, మైకు లేకుండా, ఎవరూ నడిపించకుండా అయిదు వందల మంది చివరి చరణం దాకా వెళ్లాం. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా వేలు ఇంకా వాడి భుజం మీదే ఉంది. లెక్క ఆపేశాక కూడా తీయబుద్ధి కాలేదు.

మీ గొంతులో అడ్డుపడింది అలాంటి రాత్రే ఏదో అయి ఉంటుంది. గుర్తు చేసుకుని చూడండి.

ఇక వయసు మాట. అవును, వయసుకూ వాటా ఉంది. పెద్దవాళ్లను మీ జీవితంలో ఏవి బాగా గుర్తున్నాయి అని అడిగితే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని జ్ఞాపకశక్తిని పరిశోధించేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. పాటల దగ్గరికి వస్తే టీనేజీలో విన్నవే గట్టిగా పట్టుకుంటాయి. అవన్నీ తొలిసారి జరిగినవి కావడం ఒక కారణం. తొలిసారి ఇల్లు వదిలి ఉండటం, తొలిసారి ఎవరో మనల్ని ఎంచుకోవడం. 2009లో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త విద్యార్థులకు వాళ్ల చిన్నప్పటి పాటలు వినిపిస్తూ మెదడును స్కాన్ చేశారు. పాటతో పాటు సొంత జ్ఞాపకం పైకి వచ్చినప్పుడు, నుదుటి వెనక మధ్య భాగం చురుగ్గా పనిచేయడం కనిపించింది. పాటను పోల్చుకోవడం, అప్పటి మనుషులు, అప్పటి సంతోషం లేదా దిగులు, ఇవన్నీ కలిసి ముడిపడేది అక్కడేనని ఆయన వివరణ. పాట విన్న మీకు పాట ఒక్కటే గుర్తుకు రాలేదు కదా. ఆ సాయంత్రపు చలి, పక్కన కూర్చున్నవాళ్ల మోచెయ్యి తగలడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి ఉంటాయి. దాన్ని మాయ అనడం నాకు ఇష్టం లేదు. మీరు దాచుకున్నది మీకు తిరిగి వచ్చింది, అంతే.

క్యాంపులన్నీ ఇలాగే ఉంటాయని మాత్రం చెప్పను. నేను మరుసటి వేసవిలో వెళ్లినచోట డార్మిటరీల మధ్య పాటల పోటీ పెట్టి రోజూ గోడ మీద మార్కులు వేసేవారు. వారం తిరగకుండా మా పాటల్లో అవతలివాళ్ల మీద ఎగతాళి చరణాలు చేరాయి. ఒక పిల్లవాడి నత్తిని మేం పాటగా కట్టాం. మార్కులు వచ్చాయి. ఆ తర్వాత మూడో రోజు ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లిపోయాడు. నేను పాడించే పనిలోకి రావడానికి ఆ పిల్లవాడు కూడా ఒక కారణం. ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఓక్లహోమాలో ఒక వేసవి శిబిరంలో చేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. పదకొండేళ్ల వయసు మగపిల్లలు 22 మందిని రెండు జట్లు చేసి పోటీలు పెడితే కొద్దిరోజుల్లోనే తిట్టుకోవడం, జెండాలు కాల్చడం దాకా వెళ్లింది. ఊరికే కలిపి కూర్చోబెడితే తగ్గలేదు. నీళ్ల సరఫరా ఆగిపోయి అందరూ కలిస్తే తప్ప బాగుపడదన్న పరిస్థితి లాంటివి కొన్ని కల్పించాకే మెత్తబడ్డారు. నా క్యాంపుల్లో నేను ఒక్కసారి కూడా పాటకు మార్కులు వేయనివ్వలేదు. రెండు డార్మిటరీలకూ చెరో సగం నేర్పి, కలిస్తేనే పాట పూర్తయ్యేలా పెట్టేవాణ్ణి.

కాబట్టి మీ అమ్మాయిని పంపేముందు నిర్వాహకులను ఒక్కటి అడగండి: సాయంత్రం పాటలు అందరూ కలిసి పాడేవా, పోటీయా? రోజూ కలిసి పాడే సమయం అరగంటైనా ఉంటే దిగులు పడకండి. తను కొత్తవాళ్లతో మాట కలపకపోయినా పర్వాలేదు, పక్కన నిలబడి పాడితే చాలు, మిగతాది దానంతటదే జరుగుతుంది. గొంతు విప్పడానికి కూడా మొహమాటపడే పిల్ల అయితే, తాళం పట్టే పనో, పాటల కాగితాలు పంచే పనో అడిగి తీసుకోమనండి. చేతిలో పని ఉంటే పిల్లలకు గుంపులో నిలబడే ధైర్యం వస్తుంది. మొదటి రెండు మూడు రాత్రులు ఇంటి మీద బెంగ ఉంటుంది, ఫోన్లో ఏడవవచ్చు కూడా. తీసుకొచ్చేస్తాం అని మాత్రం ఆ ఏడుపు మధ్యలో మాట ఇవ్వకండి. ఇచ్చారంటే ఆ మాట కోసమే రోజులు లెక్కపెడుతుంది, పక్క మంచం మీద పిల్లను చూడదు. ఒక నోట్‌బుక్ ఇచ్చి పంపండి. ఫోన్‌లో పాటలు దొరుకుతాయి నిజమే, కానీ స్నేహితురాలి చేతిరాతలో రాసిన చరణం దొరకదు. నా నోట్‌బుక్‌లో పదహారో పేజీ నీళ్లు పడి నీలంగా అలుక్కుపోయింది. ఆ మరక ఎవరి వాటర్ బాటిల్‌దో కూడా నాకు ఇప్పటికీ తెలుసు.

తిరిగొచ్చాక వారం పది రోజులు ముభావంగా ఉంటుంది. మీ మీద కోపం అనుకోకండి. 'ఎలా జరిగింది?' అని అడిగితే 'బాగానే' అంటుంది. 'ఏం పాడారు, ఒకటి పాడు' అనండి. పాడుతూ మధ్యలో ఆగి తనే మొత్తం చెబుతుంది.

ముగింపు పాట గురించి చిన్న మాట, ఎందుకంటే మీరు విన్న పాట కూడా రోజూ చివర్లో పాడినదే అన్నారు. అమెరికాలోని మిషిగన్‌లో ఇంటర్‌లాకెన్ అనే చోట 1928 నుంచి ఒక సంగీత శిబిరం ఉంది. అక్కడ వేసవి కచేరీల చివర హోవర్డ్ హాన్సన్ అనే అమెరికన్ స్వరకర్త రాసిన రెండో సింఫనీలోని (పెద్ద వాద్యబృందం వాయించే సుదీర్ఘ సంగీత రచన) ఒక చిన్న భాగం వాయిస్తారు. అది అయ్యాక చప్పట్లు కొట్టకూడదన్నది ఆనవాయితీ. మౌనంగా లేచి వెళ్తారు. రోజూ ఒకే పాటతో, అదే మౌనంతో ముగిస్తే ఆ పాటలో రోజులన్నీ చేరిపోతాయి. మీ పాట మిమ్మల్ని నిలబెట్టేసింది అందుకే.

ఇక వాళ్లను వెతకడం. వెతకండి. తప్పకుండా వెతకండి. కానీ ఒకటి తెలుసుకుని వెళ్లండి: మీరు దాచుకున్నదే వాళ్లూ దాచుకుని ఉండరు. నాది చెబుతాను.

ఉత్తరాలు మా మధ్య కూడా ఏడాదిన్నరే నడిచాయి. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత, అదే క్యాంపులో ఉన్న మరొకరి ద్వారా వాడి నంబరు దొరికింది. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగి, మూడో రోజు చేశాను. పేరు చెబితే గుర్తుపట్టాడు. కరెంటు పోయిన రాత్రి పాడిన పాట గుర్తుందా అన్నాను. లేదన్నాడు. రెండు లైన్లు పాడాను. ఊహూ. అసలు కరెంటు పోయిన సంగతే వాడికి గుర్తు లేదు. నాకు లోపల ఏదో కూలిపోయినట్టయింది, మాట ఎలా ముగించాలో వెతుక్కుంటున్నాను. అప్పుడు వాడన్నాడు, 'నువ్వు నా భుజం మీద వేలితో కొట్టేవాడివి కదా. ఇప్పటికీ ఎక్కడైనా మాట్లాడటానికి లేవాల్సి వస్తే మనసులో అదే లెక్క వేసుకుంటాను, నాలుగో దానికి ఊపిరి తీసుకుంటాను.' నేను ఆ సంగతి సగం మరిచిపోయి ఉన్నాను. వాడు అన్నాకే నా వేలికి గుర్తొచ్చింది.

చివరి రాత్రి ఒకరి దగ్గర చిన్న టేప్ రికార్డర్ ఉంటే మా పాటలు 60 నిమిషాల క్యాసెట్‌లో పట్టుకున్నాం. ఆ క్యాసెట్ నా దగ్గరే ఉంది. వాడితో మాట్లాడాక దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ రాత్రి రెండో వైపుకు వచ్చేసరికి బ్యాటరీలు అయిపోతున్నాయి, మోటారు నెమ్మదిస్తోంది. నెమ్మదిగా తిరిగిన టేపులో పట్టిన పాటను మామూలు వేగంతో వింటే వేగం పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. సరిచేయడం ఇప్పుడు పది నిమిషాల పని. సరిచేసి పంపనా అని అడిగితే వద్దు, ఎలా ఉంటే అలాగే పంపమన్నాడు. పంపిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. పాట పేరు చెబితే గుర్తు రానివాడు, టేపు మొదలవగానే సెకండ్ వాయిస్ మొత్తం మాటలతో సహా పాడాడట.

ఆ చివరి పాట నా ఫోన్లోనూ అలాగే ఉంది. మొదట్లో మా గొంతులు మా గొంతుల్లాగే ఉంటాయి. చరణం చరణానికీ సన్నబడుతూ, తొందర పడుతూ, ఆఖరి లైనుకు వచ్చేసరికి పదిహేనేళ్ల వాళ్లం పదేళ్ల పిల్లల్లా పాడుతూ ఉంటాం. వాడు అందుకునే చోట, శ్రద్ధగా వింటే, చిన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది.